మూడు టర్నులైంది, కత్తి ఇంకా ఒరలోనే ఉంది

కొత్త_మస్కటీర్
విసుగొచ్చి రాస్తున్నాను. మా టీమ్‌లో ఒకాయన పోరు పెడితే ఒక ఎన్ గార్డ్ ఆటలో చేరాను. ఈమెయిల్ మీద నడుస్తుంది, నెలకో టర్ను. దగ్గర దగ్గర యాభై మంది ఆడుతున్నారు, సగానికి పైగా ఇంగ్లండు వాళ్ళే. పదిహేడో శతాబ్దపు పారిస్, మస్కటీర్లనే రాజుగారి భటులు, టోపీలో ఈక, మాట కంటే ముందు కత్తి అని ఊరించాడు. సరే అని దూకాను.

మూడు టర్నులయ్యాయి. ఆటలో ఒక్కో టర్నుకి నాలుగు వారాలు కాబట్టి మొత్తం పన్నెండు. లెక్క చెప్తాను చూడండి. ఐదు వారాలు కత్తిసాము ప్రాక్టీసు. నాలుగు వారాలు క్లబ్బులో కూర్చోవడం. మూడు వారాలు ఒకావిడ ఇంటి చుట్టూ పూలు పట్టుకుని తిరగడం, ఆవిడ కాదనడం. ద్వంద్వయుద్ధాలు సున్నా.

ఉత్తరాలు మాత్రం కుప్పలు. నిన్న ఒక్కరోజే పదకొండు మెయిళ్ళు. ఫలానా కౌంటు మూడో వారం పార్టీ ఇస్తున్నాడు, వస్తావా? ఫలానా మేజరు గురించి నువ్వన్న మాట నిజమేనా? నేనేమీ అనలేదు మహాప్రభో! ఆ మేజరెవరో కూడా నాకు తెలీదు.

ఇది కత్తి ఆటా, పెళ్ళింట్లో కబుర్లా? మానేద్దామనుకుంటున్నా. ఆడినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ముందుముందు ఏమన్నా ఉందా?

ఖడ్గతిక్కన
పదకొండు మెయిళ్ళా! నాకు బ్యాంకు వాళ్ళు తప్ప ఎవరూ రాయరు. ఎలా చేరాలో చెప్పు బ్రదర్.

ఉలవచారు
"ఆ మేజరెవరో కూడా తెలీదు" అన్నావు చూడు, అక్కడికే పీకల్లోతు మునిగావు.

రూల్‌బుక్_రాజు
ముందు చిన్న దిద్దుబాటు. ఫ్రెంచి వాళ్ళు దాన్ని ఎన్ గార్డ్ అనరు, ఆన్ గార్డ్ అంటారు.

ఇక విషయం. నీ ఫిర్యాదుకి జవాబు రూల్‌బుక్కు ముందుమాటలోనే ఉంది. 1975లో అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలో నార్మల్ అనే ఊళ్ళో గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ ఈ ఆట వేసింది. రాసింది డారిల్ హానీ, ఫ్రాంక్ చాడ్విక్. పాత్రలు వేసుకుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట వచ్చి అప్పటికి ఏడాదే. వీళ్ళు మొదట తయారు చేసుకున్నది కత్తియుద్ధం రూల్సు ఒక్కటే. పొడుచుకోవడానికి ఏదో ఒక కారణం ఉండాలి కదా అని చుట్టూ మిగతాదంతా అల్లారు. క్లబ్బులు, రెజిమెంట్లు, అప్పులు, ప్రియురాళ్ళు అలా వచ్చినవే. కొన్నాళ్ళు ఆడాక ఆ చుట్టూ ఉన్నదే కత్తి కంటే బాగుందని వాళ్ళకే తెలిసొచ్చింది.

ఉలవచారు
నంజుకోవడానికి వడ్డించుకున్న ఆవకాయతోనే అన్నమంతా తినేసినట్టు.

కొత్త_మస్కటీర్
ఊరి పేరు నార్మలా???

రూల్‌బుక్_రాజు
అవును, నార్మల్. అందరూ ముందు దాని దగ్గరే ఆగుతారు.

డాక్టర్_బాబాయ్
నేను ఈ ఆట పోస్టులో ఆడినవాణ్ణి. స్టాంపు అంటించి, డబ్బాలో వేసి. కాస్త పొడుగవుతుంది, ఓపికుంటే చదవండి.

1987లో గుంటూరు నుంచి ఇంగ్లండు వెళ్ళాను. ఉత్తరాన ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఎస్‌హెచ్‌ఓని. అంటే పోలీసు కాదు, సీనియర్ హౌస్ ఆఫీసర్. డ్యూటీ, నిద్ర, మళ్ళీ డ్యూటీ. సాయంత్రం నాలుగింటికే చీకటి. తెలుగు మాట చెవిన పడాలంటే నలభై మైళ్ళు పోవాలి. మా క్వార్టర్సులో ఉండే మత్తు డాక్టరు ఒకాయన, నా మొహం చూసి జాలేసిందేమో, జెరాక్సు తీసి పిన్నులు కొట్టిన ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. ముప్ఫై పేజీలుంటుంది. మ్యాగజైన్‌ని కురచ చేసి జైన్ అనేవారు దాన్ని. అందులోనే మొత్తం ఆట.

పుట్టుక కూడా పాచికలే. ప్రభువా, పెద్దమనిషా, సామాన్యుడా అన్నది ఒకటి, ఎన్నో కొడుకు అన్నది ఒకటి. నాకు పడింది సామాన్యుడి రెండో కొడుకు. ఆస్తి లేదు, పేరు లేదు. అచ్చం నాలాగే. నెలకోసారి ఆర్డర్లు కాగితం మీద రాసి పంపాలి, రెండు వారాలకి ఫలితాలు జైన్‌లో వచ్చేవి. ఆ మధ్యలో మిగతా నలభై మందికీ మనమే ఉత్తరాలు రాసుకోవాలి. అడ్రసులన్నీ వెనక పేజీలో ఉండేవి.

ఏడాది తిరిగేసరికి కార్డినల్ గార్డ్స్‌లో కెప్టెన్నయ్యాను. ఒకాయన నాకు రాసే ప్రతి కవరు మీదా పైన కెప్టెన్ అని ఆటలోని నా పేరు, కింద కేరాఫ్ అని నా అసలు పేరు రాసేవాడు. క్వార్టర్సు గేటు దగ్గర ఒక ముసలి పోర్టరు ఉండేవాడు. అంతకుముందు గుడ్‌మార్నింగ్ కూడా అనని మనిషి. ఆ కవర్లు మొదలయ్యాక లేచి నిలబడి సెల్యూట్ కొట్టి, "మీకు ఉత్తరం, కెప్టెన్" అనేవాడు. ఆ ఊళ్ళో నాకు మొదటి స్నేహితుడు ఆయనే.

యుద్ధం సంగతి చెప్పనే లేదు కదూ. ఆ కెప్టెన్ అని రాసేవాడే నా శత్రువు, కింగ్స్ మస్కటీర్సు. ఆ రెండు రెజిమెంట్ల వాళ్ళు ఎదురుపడితే తలపడాల్సిందే. కత్తి ఎప్పుడు ఎలా తిప్పుతామో ముందే వరసగా రాసి పంపాలి. అవతలివాడూ అలాగే పంపుతాడు. నడిపేవాడు రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కో అడుగూ పట్టికలో చూసుకుంటూ పోతాడు. నువ్వు విశ్రాంతి అని రాసుకున్న చోట వాడు పొడుపు రాస్తే నీ పని అయిపోయినట్టే. తెల్లవారుజామున మూడింటికి వార్డులో కూర్చుని ఒక చిత్తు కాగితం మీద రాశాను: విశ్రాంతి, పొడుపు, విశ్రాంతి, కాచుకోవడం, కాచుకోవడం, నరకడం. పొద్దున రౌండ్సులో పెద్ద డాక్టరు ఆ కాగితం చూసి, "ఈ ఫిజియోథెరపీ ఏ పేషెంటుకి?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే, 1988 సెప్టెంబరులో, బ్రిటన్ అంతటా తపాలా సమ్మె. ఆర్డర్లు పోవు. ఒకరోజు రాత్రి కారిడార్లో ఫోన్ మోగింది, నాకే. నా శత్రువు! నేను ఆరడుగుల మీసాల మనిషిని ఊహించుకున్నాను. జలుబు చేసిన గొంతు, వాడొక బడిపంతులు. డెడ్‌లైన్ పొడిగించమని ఇద్దరం కలిసి అడుగుదాం అన్నాడు. సరే అన్నాను. ఆ తర్వాత అరగంట సేపు క్రికెట్ గురించి మాట్లాడుకున్నాం. వరస ఏం రాశావని ఇద్దరం ఒక్క ముక్క కూడా అడగలేదు.

సమ్మె అయ్యాక ఫలితం వచ్చింది. ఆరో అడుగులో నన్ను చంపేశాడు. యుద్ధం జైన్‌లో రెండు లైన్లు. నా చావు మీద మిగతావాళ్ళు రాసిన సంతాపాలు నాలుగు పేజీలు. ఆ పంతులే ఒక పద్యం కూడా రాశాడు.

ఖడ్గతిక్కన
ఫిజియోథెరపీ 😂😂 ఇంక నేను చదవలేను, ఆఫీసులో ఉన్నాను.

డాలస్_డప్పు
బాబాయ్ గారూ, చంపినవాడే పద్యం రాశాడా, అదేం మనిషండీ బాబూ.

డాక్టర్_బాబాయ్
మంచి మనిషి. ఇప్పటికీ క్రిస్మస్‌కి కార్డు వస్తుంది, పైన కెప్టెన్ అనే ఉంటుంది. మా ఆవిడకి పాతికేళ్ళుగా నచ్చజెప్పలేకపోతున్నాను.

చదరంగం_శాస్త్రి
పోస్టులో ఆట అంటే మాకు చదరంగమే. మా నాన్నగారు రాజమండ్రి నుంచి పుణేలో ఒకాయనతో పదిహేను పైసల కార్డు మీద ఆడేవారు. ఒక్క ఆట ఏడాదిన్నర. కార్డు కదా, పోస్ట్‌మాన్ కూడా చదివేవాడు. ఒకరోజు కార్డు ఇస్తూ, "అయ్యగారూ, ఈసారి గుర్రం జోలికి పోకండి" అన్నాడట.

కానీ డాక్టరుగారితో నాకు ఒక పేచీ. చదరంగంలో ఉత్తరం అంటే ఎత్తు. అంతకు మించి ఏమీ లేదు, ఉండకూడదు కూడా. మీరు చెప్పేదాంట్లో ఆట ఏది? కబుర్లు రాసుకోవాలంటే కబుర్లే రాసుకోవచ్చు కదా, మధ్యలో పారిస్ ఎందుకు?

విశాఖ_వాన
శాస్త్రిగారూ, మీరు ముక్కూమొహం తెలియని నలభై మందికి ఊరికే కబుర్లు రాయగలరా? నేను రాయలేను. "మీ అన్నయ్య నిన్న జూదంలో ఓడిన డబ్బు నాకు రావాలి" అని మొదలుపెట్టమంటే మాత్రం రెండు పేజీలు రాస్తాను. పారిస్ అందుకే.

చదరంగం_శాస్త్రి
హ్మ్.

డాలస్_డప్పు
నేనూ ఏడాది ఆడి మానేశాను, కారణం చెప్తా. మనం కష్టపడి ప్రాక్టీసు చేస్తే పైకి రాం. మనకంటే పై స్థాయి వాణ్ణి పట్టుకుని వాడి వెనకాల వాడి క్లబ్బుకి వెళ్తే పైకి వస్తాం. రూల్సులోనే ఉంది ఇది! ఇంగ్లీషులో దానికో పేరు కూడా పెట్టారు, మన భాషలో అయితే కాకా పట్టడం. పగలంతా ఆఫీసులో చేసేది అదే, రాత్రి ఇంటికొచ్చి మళ్ళీ అదేనా? అప్రైజల్‌కి ఈకల టోపీ పెట్టినట్టుంది.

రూల్‌బుక్_రాజు
పాయింటు నిజమే, లెక్క కూడా చెప్తాను. నీ సామాజిక స్థాయి నాలుగు అనుకో. నెలలో నాలుగు స్టేటస్ పాయింట్లు తెచ్చుకోకపోతే కిందకి జారతావు. పైకి వెళ్ళాలంటే దానికి మూడింతలు, పన్నెండు కావాలి. ఒంటరిగా పన్నెండు రావడం చాలా కష్టం. క్లబ్బు, రెజిమెంటు, ప్రియురాలు, ఖర్చు, పెద్దవాళ్ళ పక్కన కనపడటం, అన్నీ కలిస్తేనే. పైగా స్థాయి పెరిగేకొద్దీ ఆ మూడింతలు కూడా పెరుగుతాయి. అందుకే ఎవడూ ఎవణ్ణీ పట్టించుకోకుండా ఆడలేడు. అది తప్పు కాదు, ఆట బండి నడిచే ఇరుసే అది.

డాలస్_డప్పు
కాకా పట్టడాన్ని ఇరుసు అన్నావు, శభాష్. మా మేనేజరుకి చెప్తాను.

జీఎం_గారి_గోడు
ఆరేళ్ళు జీఎంగా, అంటే గేమ్ మాస్టర్‌గా, ఒక ఆట నడిపాను, నలభై రెండు మందితో. డప్పుగారి మాటకి నడిపేవాడి వైపు నుంచి జవాబు చెప్తాను.

కాకా పట్టడం కింద నుంచి మాత్రమే జరగదు. పైనవాడికి కూడా జనం కావాలి. పెద్ద కౌంటు పార్టీ పెట్టాడంటే, వచ్చినవాళ్ళను బట్టే వాడి పరువు. ఎవరూ రాకపోతే ఊళ్ళో తలెత్తుకోలేడు. ఒకసారి మూడో వారంలోనే ఇద్దరు పెద్దవాళ్ళు పార్టీలు పెట్టారు. కావాలనే. ఎనిమిది మంది ఆడే ఆటలో అయితే అందరూ మాట్లాడుకుని ఒకచోటికి పోతారు, కథ అయిపోయింది. నలభై మందిలో అలా కుదరదు. ఎవడో ఒకడికి పిలుపు అందదు. ఎవడో ఇద్దరికీ వస్తానని మాటిస్తాడు. ఎవడో వెళ్ళాక అక్కడ తన శత్రు రెజిమెంటు వాడు ముందే కూర్చుని ఉంటాడు. ఆ నెల ఏడు ద్వంద్వయుద్ధాలు పడ్డాయి, ఒక్కటి కూడా ఎవరూ ప్లాన్ చేసింది కాదు.

నా పని ఎలా ఉండేదంటే, ఒక పెద్ద పట్టిక. నిలువున నలభై రెండు పేర్లు, అడ్డంగా నాలుగు వారాలు. ముందు ఎవడు ఏ వారం ఏ క్లబ్బులో ఉన్నాడో నింపాలి. రెడ్ ఫిలిప్స్ కింద స్థాయి వాళ్ళది, ఫ్లూర్ డి లీస్ అందరికంటే పైది, మధ్యలో మిగతావి. నింపాక ఒక్కో గడిలో ఎవరి పక్కన ఎవరు పడ్డారో చూసుకోవాలి. ఆ చూసుకునే పది నిమిషాలుందే, ఆ ఆరేళ్ళూ నేను ఆ ఆట నడిపింది దానికోసమే.

ఇంకో మాట. వాళ్ళలో వాళ్ళు రాసుకునే ఉత్తరాలు నాకు రావు, ఆర్డర్లు మాత్రమే వస్తాయి. కానీ ఆర్డర్లు చూస్తే చాలు, ఎవడు ఎవడికి మాటిచ్చి తప్పాడో తెలిసిపోతుంది. "రెండో వారం నాతో క్లబ్బుకి ఫలానావాడు వస్తాడు" అని ఒకడి కాగితంలో ఉంటుంది. ఆ ఫలానావాడి కాగితంలో ఆ వారం ప్రాక్టీసు అని ఉంటుంది. పాపం అనుకుని నింపేవాణ్ణి.

ఉలవచారు
మా అత్తగారికి ఈ ఉద్యోగం ఇస్తే ఆరేళ్ళు కాదు, అరవై ఏళ్ళు నడుపుతుంది. పట్టిక కూడా అక్కర్లేదు.

కొత్త_మస్కటీర్
జీఎం గారూ, అంటే నాకు యుద్ధం పడకపోవడం నా అదృష్టమా, దురదృష్టమా?

జీఎం_గారి_గోడు
నీ రెజిమెంటు ఏది?

కొత్త_మస్కటీర్
ఇంకా ఏదీ చేరలేదు. గుర్రం కొనాలంటున్నారు, డబ్బుల్లేవు.

జీఎం_గారి_గోడు
అదీ సంగతి! నువ్వు ఎవడివీ కాదు, నీకు శత్రువెవడుంటాడు? గుర్రం అక్కర్లేని కాలిబలం రెజిమెంటులో చేరు. ఈ నెలే.

రూల్‌బుక్_రాజు
లేదా వడ్డీకి అప్పు చేసి గుర్రం కొనొచ్చు.

ఖడ్గతిక్కన
తీర్చకపోతే?

రూల్‌బుక్_రాజు
సరిహద్దు రెజిమెంటులో సిపాయిగా పోవాలి. తిరిగొస్తే గొప్ప.

ఖడ్గతిక్కన
అంటే దుబాయ్ అన్నమాట.

విశాఖ_వాన
ఒక సంగతి ఎవరూ ఎత్తడం లేదు, నేనే ఎత్తుతాను. 1975 రూల్సు ప్రకారం ఆడవాళ్ళంటే నిచ్చెనమెట్లు. ప్రతి ఆవిడకీ ఒక స్థాయి నంబరు, అందగత్తె, ధనవంతురాలు, పలుకుబడి ఉన్నావిడ అని పక్కన గుర్తులు. గెలుచుకుంటే పాయింట్లు. కాలేజీలో మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేశాను. కొత్త_మస్కటీర్ కూడా చూడండి, "ఒకావిడ" అన్నాడు, పేరు కూడా చెప్పలేదు.

కొత్త_మస్కటీర్
సారీ అండీ. పేరు క్లోతీల్డ్.

డాలస్_డప్పు
ఆ కాలం కథలు అలాగే ఉంటాయి కదా మేడమ్. ఆట కదా.

విశాఖ_వాన
ఆ కాలం కథల్లో ఆడవాళ్ళు కుట్రలు పన్నారు, గూఢచారులయ్యారు, ఉత్తరాలు దొంగిలించారు. రూల్సు రాసినవాళ్ళు ఆ పేజీలు తిప్పేశారంతే. ఇప్పుడు చాలా ఆటల్లో సొంత రూల్సు పెట్టుకుని ఆడ పాత్రలను కూడా ఆడనిస్తున్నారు. అందుకే నేను తిరిగి వచ్చాను.

అయినా నాకు అసలు సరదా దొరికింది ఇంకోచోట. మా ఆట నడిపేవాడికి పని ఎక్కువై, "ఆటగాళ్ళెవరూ ఆడని ఆడపాత్రల తరపున ఎవరైనా జవాబులు రాస్తారా" అని అడిగాడు. నేను చేయి ఎత్తాను. పాచిక వేసి అవును కాదు తేల్చేది ఆయన, మాటలు మాత్రం నావి. రూల్‌బుక్కులో ఒక నంబరు, రెండు గుర్తులుగా ఉన్న మనిషికి ఒక పిల్లి, ఒక తలనొప్పి, అప్పులున్న ఒక మేనమామ వచ్చారు. రెండు టర్నుల్లో ఆరుగురు మగాళ్ళు ఆ పిల్లికి చేపలు పంపడం మొదలుపెట్టారు. ఆ ఆరుగురూ పాయింట్ల సంగతి మర్చిపోయారు.

డాక్టర్_బాబాయ్
అమ్మా, ఇది మా రోజుల్లో ఉంటే నేను కెప్టెన్ దగ్గర ఆగేవాణ్ణి కాదు.

కొత్త_మస్కటీర్
ఒక్క నిమిషం. క్లోతీల్డ్ నాకు రాసిన జవాబులో పిల్లి ఉంది.

కొత్త_మస్కటీర్
మొత్తం పెడుతున్నా చూడండి. "మస్కటీరుగారూ, మీ పూలు మా పిల్లి తినేసింది. మీ టోపీ మాత్రం కిటికీలోంచి చూశాను, చాలా బాగుంది. టోపీని పంపండి. మీరు రానక్కర్లేదు."

ఉలవచారు
🔥🔥🔥

ఖడ్గతిక్కన
"మీరు రానక్కర్లేదు" అని మా ఇంటి గుమ్మానికి బోర్డు రాయిస్తాను.

డాలస్_డప్పు
విశాఖ_వాన గారూ, మీరు ఏ ఆటలో ఉన్నారు?

విశాఖ_వాన
పారిస్‌లో.

కొత్త_మస్కటీర్
అండీ…

విశాఖ_వాన
టోపీ పంపారా లేదా?

చదరంగం_శాస్త్రి
నేను పొద్దున్నుంచి ఈ థ్రెడ్ మూడుసార్లు తెరిచాను. ఎందుకో నాకే తెలియడం లేదు.

ఉలవచారు
మా అనుభవం కూడా చెప్తాను, ఇది ఎలా చెడిపోతుందో తెలియడానికి. విజయవాడ కాలేజీ బ్యాచ్ పదకొండు మందిమి, ఈ ఆట చదివి వాట్సాప్‌లో మొదలుపెట్టాం. నెలకో టర్ను ఏంటి ముసలి ఆట, వారానికో టర్ను పెట్టేద్దాం అన్నారు. గ్రూపులో ఎవడు ఏమన్నా ఐదు సెకన్లలో జవాబు. ఒకడు "నిన్ను సవాలు చేస్తున్నాను" అంటే అవతలివాడు నవ్వే బొమ్మ పెట్టాడు. మూడో వారానికి ఆట పోయి ఐపీఎల్ వచ్చింది.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. కోపం రావడానికి టైము కావాలి. బాబాయ్ గారికి ఆ కవరు వచ్చి, చదివి, డ్యూటీలో నాలుగు రోజులు ఉడికి, అప్పుడు రాస్తే దాంట్లో దమ్ముంటుంది. మాకేమో బ్లూ టిక్కు పడగానే చల్లారిపోయింది.

డాక్టర్_బాబాయ్
నిజం. నేను రాసి చింపినవే ఎక్కువ.

జీఎం_గారి_గోడు
పదకొండు మంది అవడం కూడా ఒక కారణం. అందరూ ముందే తెలిసినవాళ్ళు అవడం ఇంకో కారణం. తెలిసినవాడి దగ్గర మీసం తిప్పాలంటే సిగ్గేస్తుంది.

డాలస్_డప్పు
సరే, ఒకటి ఒప్పుకుంటాను. నేను మానేసింది కాకా పట్టడం వల్ల అని రాశాను కదా, అది సగమే నిజం. మా పాప పుట్టినప్పుడు రెండు నెలలు ఆర్డర్లు పంపలేదు. ఈ ఆటల భాషలో దాన్ని ఎన్‌ఎంఆర్ అంటారు, ఎత్తు అందలేదు అని. జైన్‌లో అందరి పేర్ల పక్కన కథలుంటే నా పేరు పక్కన ఆ మూడక్షరాలు. రెండోసారి కూడా అదే. మూడో నెల రాద్దామని కూర్చుంటే సిగ్గేసింది. స్కూలుకి చాలా రోజులు ఎగ్గొట్టినవాడికి మళ్ళీ వెళ్ళాలంటే ఉండే సిగ్గు అది.

జీఎం_గారి_గోడు
మా దగ్గర ఒకాయన ఐదు నెలలు ఎన్‌ఎంఆర్. తిరిగొచ్చినప్పుడు మిగతావాళ్ళు కథ అల్లేశారు, సముద్రపు దొంగలు ఎత్తుకుపోయారని. ఇద్దరు ఆయన్ను విడిపించామని చెప్పుకుని పేరు కూడా కొట్టేశారు. ఆయన తనకు తెలియకుండానే తన కథకి హీరో అయ్యాడు. తిరిగి రాయండి డప్పుగారూ. ఏమీ అనరు, అన్నా సరదాగానే అంటారు.

డాలస్_డప్పు
చూస్తాను.

ఖడ్గతిక్కన
నాకో డౌటు. సవాలు చేస్తే పోనని చెప్పొచ్చా?

రూల్‌బుక్_రాజు
కారణం ఉన్న సవాలుకి వెనకడుగు వేస్తే పరువు పోతుంది, పాయింట్లు కూడా పోతాయి. నువ్వు పేరు పెట్టుకున్న ఆయనకే తెలుసు కదా ఆ సంగతి.

ఖడ్గతిక్కన
అవును మరి, యుద్ధం నుంచి తిరిగొస్తే పెళ్ళాం మంచం అడ్డం పెట్టి పసుపు ముద్ద ఇచ్చి ఆడవాళ్ళలా స్నానం చెయ్యమంది, అమ్మేమో విరిగిన పాలు పోసింది. నెల్లూరు వాళ్ళ స్టేటస్ పాయింట్ల ముందు పారిస్ ఎంత!

విశాఖ_వాన
పసుపు ముద్ద ఇవ్వడం అవమానం ఎలా అయిందో అది ఇంకో థ్రెడ్‌లో మాట్లాడుకుందాం.

ఖడ్గతిక్కన
అమ్మో. సరేనండీ.

కొత్త_మస్కటీర్
మూడు వారాల తర్వాత ఈ థ్రెడ్‌ని పైకి లేపుతున్నా. టర్ను వచ్చింది.

జీఎం గారు చెప్పినట్టు కాలిబలంలో చేరాను. టోపీ పంపాను, ఈకతో సహా. క్లోతీల్డ్ ఏమీ అనలేదు. కానీ ఈసారి ప్రెస్ పేజీలో, అదే ఆటగాళ్ళు రాసుకునే గాలికబుర్ల పేజీలో, ఒకటి వచ్చింది: "ఫలానా క్లబ్బు దగ్గర ఒక బోడితల మస్కటీరు ఎండలో చేయి అడ్డం పెట్టుకుని నడుస్తున్నాడు. మంచు కురిసే నెల వస్తే ఏం చేస్తాడో పాపం." దానికింద ఇంకొకడు, "ఆ టోపీ ఇప్పుడు పిల్లికి పరుపట" అని. ఇంకొకడు పద్యం. మొత్తం ఒకటిన్నర పేజీ నా టోపీ మీదే. మూడు నెలలు ఎవడికీ పట్టనివాణ్ణి, ఇప్పుడు యాభై మందికీ నేనెవరో తెలుసు.

మొదటిది రాసినవాణ్ణి సవాలు చేశాను. కారణం ఉన్న సవాలే, మా రెజిమెంటుకి వాడి రెజిమెంటుతో పడదట, చేరాకే తెలిసింది. సీక్వెన్సు, అదే కత్తి వరస, ఏం రాయాలి? వాడు నాకంటే నేర్పరి.

రూల్‌బుక్_రాజు
నేర్పు తక్కువైతే నువ్వు ఆలస్యంగా మొదలుపెట్టాలి, ముందు విశ్రాంతులు పడతాయి. కాబట్టి మొదట్లోనే కాచుకోవడం పెట్టు.

జీఎం_గారి_గోడు
వద్దు, అందరూ అదే రాస్తారని వాడికి తెలుసు. మొదట్లో ఖాళీ వదిలెయ్, నాలుగో అడుగులో పొడువు.

ఖడ్గతిక్కన
కత్తి విసిరెయ్. విసరడం కూడా ఉంది కదా రూల్సులో? ఉంటే విసిరెయ్.

చదరంగం_శాస్త్రి
ఖడ్గతిక్కన మాట వినకండి. ప్రత్యర్థి అలవాటు పట్టుకోవాలి. పాత జైన్లు తీసి అతను ఇదివరకు ఆడిన యుద్ధాలన్నీ వరసగా రాసుకోండి. నాకు పంపితే నేను చూస్తాను. ఊరికే, చదరంగం దృష్టితో.

ఉలవచారు
శాస్త్రిగారు పోయారు. ఇంకో మనిషి పోయాడు.

డాక్టర్_బాబాయ్
ఇంతకీ అవతలివాడెవడు బాబూ?

కొత్త_మస్కటీర్
ఆ మేజరే. మొదట్లో నేనేదో అన్నానని ఎవరో అడిగారే, ఆయన.

విశాఖ_వాన
పొడిచే ముందు ఆయనకి ఒక ఉత్తరం రాయండి.

కొత్త_మస్కటీర్
రాశాను. ఆరు పేజీలు వచ్చింది. అది రాస్తూ కూర్చునే సీక్వెన్సు రాయలేదు, డెడ్‌లైన్ రేపు రాత్రి. త్వరగా ఎవరైనా ఒక్క మాట మీద నిలబడండి, నాకు టెన్షన్‌గా ఉంది.

రూల్‌బుక్_రాజు
ఆరు పేజీల్లో ఎన్ గార్డ్ అని రాశావా, ఆన్ గార్డ్ అని రాశావా?